అట్టపెట్టెకు అంత రేటా?

ఈ వారం మన ప్రశ్నల శీర్షికలో ఫోన్లకు, వైఫైలకు సెలవు. యానిమే, అంటే జపాన్ యానిమేషన్, బ్లూ-రే డిస్కులు పోగుచేసేవాళ్ల ప్రశ్నలు చాలా రోజులుగా పేరుకుపోయి ఉన్నాయి. నాకూ అదే పిచ్చి ఉంది కాబట్టి కొన్ని జవాబులు కాస్త సాగుతాయి, సర్దుకుపోండి.

ప్రశ్న: లిమిటెడ్ ఎడిషన్ ప్రీ-ఆర్డర్ కోసం అలారం పెట్టుకుని కూర్చున్నాను. కార్ట్‌లో వేసి డబ్బు కట్టేలోపే స్టాక్ అయిపోయింది. రీసేల్‌లో రెట్టింపు చెబుతున్నారు. మామూలు ఎడిషన్ వచ్చేదాకా ఆగాలా?

జవాబు: ఆగండి. ఈలోపు అసలు ‘లిమిటెడ్’ ఏదో తేల్చుకోండి. అమెరికాలో విడుదలయ్యే ఇలాంటి సెట్లలో చాలావాటికి గట్టి అట్టపెట్టె, ఆర్ట్ బుక్, నాలుగు కార్డులు అదనంగా ఉంటాయి. లోపలి డిస్కులు మాత్రం తర్వాత వచ్చే మామూలు ఎడిషన్‌లోవే. రెండింటి వివరాలూ పక్కపక్కన పెట్టి డిస్కుల సంఖ్య, ఆడియో, ఎక్స్‌ట్రాలు సరిపోల్చండి. తేడా అంతా కాగితంలోనే ఉంటే, మీరు రెట్టింపు కట్టేది అట్టకే. ఆ అట్ట మీద మీకు మోజుంటే నేను కాదనను, నా అలమారా నిండా అవే. కానీ డబ్బు దేనికి కడుతున్నారో తెలిసి కట్టండి.

మామూలు ఎడిషన్ వస్తుందిలే అని ఏళ్ల తరబడి ఆగడం కూడా మంచిది కాదు. విడుదల చేసే కంపెనీకి లైసెన్స్ కొన్నాళ్లకే ఉంటుంది. అది ముగిసిందంటే మామూలు డిస్కు కూడా దొరకడం మానేస్తుంది. దొరికే చోట్లూ తగ్గిపోతున్నాయి. అమెరికాలో యానిమే డిస్కులు కొనేవాళ్లకు పెద్ద దిక్కుగా ఉండిన రైట్ స్టఫ్ అనే దుకాణాన్ని 2022లో యానిమే స్ట్రీమింగ్ సంస్థ క్రంచీరోల్ కొనేసింది. 2023 అక్టోబరులో దాన్ని తన సొంత స్టోర్‌లో కలిపేసుకుంది.

జపాన్ డిస్కుల లెక్క వేరు. అక్కడ ఒక్కో వాల్యూమ్‌లో రెండు మూడు ఎపిసోడ్లే పెట్టడం చాలాకాలంగా ఉన్న అలవాటు. వాల్యూమ్‌కు రెండే ఉంటే, 12 ఎపిసోడ్ల సిరీస్ పూర్తి కావడానికి ఆరుసార్లు డబ్బు కట్టాలి. కొన్నిటిలో డబ్బింగ్ కళాకారులు వచ్చే ఈవెంట్‌కు టికెట్ల లాటరీ చీటీ పెడతారు. దుకాణాన్ని బట్టి బహుమతి కూడా మారుతుంది. ఒకచోట పోస్టర్ ఇస్తే ఇంకోచోట యాక్రిలిక్ బొమ్మ. అన్నీ కావాలనుకున్నవాళ్లు ఒకే డిస్కును మూడు చోట్ల కొంటారు. పెట్టె మీద ‘షోకై గెంతెయ్’ అని ఉంటే ఆ అదనాలు మొదటి విడతకే పరిమితం. ‘కన్‌జెన్ సెయ్‌సాన్ గెంతెయ్’ అని ఉంటే ఆ ఎడిషన్‌నే పరిమితంగా తయారుచేశారని అర్థం. ఆర్డర్ పెట్టేముందు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి. జపాన్ డిస్కుల్లో చాలావాటికి ఉండవు.

ప్రశ్న: వేరే దేశం నుంచి తెప్పించిన డిస్కును నా ప్లేయర్ తీసుకోవడం లేదు. డిస్కు పాడైందా?

జవాబు: డిస్కు బాగానే ఉండి ఉంటుంది. రీజియన్ కుదరలేదు, అంటే ఆ డిస్కు మీ ప్రాంతపు ప్లేయర్లకు చేసింది కాదు. బ్లూ-రేలో మూడు రీజియన్లున్నాయి. అమెరికా, జపాన్‌లది ఏ. యూరప్, ఆస్ట్రేలియాలది బి. భారత్, చైనా, రష్యాలది సి. డీవీడీకి ఇది వేరు. అందులో అమెరికా 1, జపాన్ యూరప్‌తో కలిసి 2. కాబట్టి అమెరికా ప్లేయర్‌లో జపాన్ బ్లూ-రే ఆడుతుంది, జపాన్ డీవీడీ ఆడదు. బ్లూ-రే, డీవీడీ రెండూ ఉండే కాంబో ప్యాక్ కొన్నవాళ్లకు ఇక్కడే తికమక. 4కె బ్లూ-రేలకు మాత్రం రీజియన్ లాకే లేదు.

కంప్యూటర్ డీవీడీ డ్రైవ్ రీజియన్‌ను మార్చుకోవచ్చు, అదీ ఐదుసార్లే. ఐదోసారి ఎక్కడ ఆపితే అక్కడే లాక్ అయిపోతుంది. సరదాకు మార్చి చూడకండి.

అమెరికా, జపాన్ ఒకే రీజియన్‌లో ఉండటం వల్ల వచ్చిన ఇంకో తంటా ఉంది. అమెరికాలో మొత్తం సిరీస్ దొరికే ధరకు జపాన్‌లో కొన్ని ఎపిసోడ్లే వస్తాయి. అలాంటప్పుడు జపాన్ వాళ్లు అమెరికా నుంచే తెప్పించుకుంటారు కదా! జపాన్‌లోని హక్కుదారుల భయం అదే. అందుకే కొన్ని అమెరికా డిస్కుల్లో జపనీస్ ఆడియో పెట్టుకుంటే ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఆపడానికి వీలుండదు. ‘నా రిమోట్ పాడైందా’ అని మరో పాఠకుడు అడిగారు. లేదండీ, కావాలనే అలా చేశారు.

ప్రశ్న: 2000 ప్రాంతం నాటి సిరీస్ బ్లూ-రే కొన్నాను. అంతకు పదేళ్ల ముందుదాని బ్లూ-రే కంటే ఇదే మసకగా ఉంది. ఎలా?

జవాబు: మంచి ప్రశ్న. పాత సిరీస్‌లను పారదర్శకమైన సెల్ షీట్ల మీద గీసి, రంగులు వేసి, ఫిల్మ్ మీద షూట్ చేసేవారు. టీవీకి ఎక్కువగా 16 ఎం.ఎం., సినిమాలకు 35 ఎం.ఎం. వాడేవారు. ఆ ఫిల్మ్ భద్రంగా ఉంటే ఈరోజు కొత్తగా స్కాన్ చేసి అప్పటి టీవీలో కనపడని గీతలు కూడా బయటికి తీయొచ్చు. 1990ల చివర్లో స్టూడియోలు కంప్యూటర్‌లో రంగులు వేయడం మొదలుపెట్టాయి. అప్పటి టీవీకి సరిపోయేలా, తెర మీద సుమారు 480 అడ్డవరుసల స్పష్టత దగ్గరే పని ముగించేసిన సిరీస్‌లు ఎన్నో. వాటికి ఫిల్మ్ లేదు, అంతకు మించిన వివరమూ లేదు. బ్లూ-రే కోసం ఆ బొమ్మనే సాగదీస్తారు. డిస్కోటెక్ అనే అమెరికా సంస్థ ఇలాంటివాటిని సాగదీయకుండా ఉన్నదున్నట్టు ఒకే బ్లూ-రేలో బోలెడు ఎపిసోడ్లు సర్ది అమ్ముతుంది. నాకైతే అదే నిజాయితీ అనిపిస్తుంది.

‘రీమాస్టర్డ్’ (పాత బొమ్మను మళ్లీ మెరుగుపరిచాం) అన్న మాట చూసి మాత్రం పరుగెత్తకండి. డ్రాగన్ బాల్ జీ సిరీస్ సీజన్ సెట్లను ఫ్యూనిమేషన్ అనే అమెరికా సంస్థ 2007 నుంచి వైడ్‌స్క్రీన్ పేరుతో పైనా కిందా కోసి అమ్మింది. పాత్రల జుట్టు సగం ఫ్రేమ్ బయటే! అదే సిరీస్‌కు 2009 నుంచి వచ్చిన డ్రాగన్ బాక్స్ సెట్లలో బొమ్మ కోత లేకుండా పాత టీవీ ఆకారంలో, 4:3లో ఉంది. అది లిమిటెడ్, అయిపోయాక రీసేల్ ధరలు కొండెక్కాయి. ఎక్కువ పెట్టి లిమిటెడ్ కొంటే అర్థం ఉండేది ఇలాంటప్పుడే, ఎందుకంటే డిస్కులో బొమ్మే వేరు.

ప్రశ్న: కొత్త కంప్యూటర్‌కు 4కె డిస్కు డ్రైవ్ తగిలించాను. ప్లే కావడం లేదు.

జవాబు: కాదు. దానికి ఇంటెల్ ప్రాసెసర్లో ఎస్‌జీఎక్స్ అనే భద్రతా సౌకర్యం కావాలి. 11వ తరం నుంచి డెస్క్‌టాప్ కోర్ చిప్‌ల్లో ఇంటెల్ దాన్ని తీసేసింది. మామూలు బ్లూ-రేలు డబ్బు కట్టి కొనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌తో ఆడతాయి. 4కెకు విడి ప్లేయర్ గానీ, డిస్కు డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5 గానీ చూసుకోండి.

ప్రశ్న: పెట్టెలో ఉన్న డిజిటల్ కోడ్‌తో ఆన్‌లైన్‌లో చూసుకుంటే చాలదా? డిస్కు దాచుకోవడం ఎందుకు?

జవాబు: ఫ్యూనిమేషన్ కోడ్‌లు వాడుకున్నవాళ్లను అడగండి. 2024 ఏప్రిల్ 2న ఫ్యూనిమేషన్ యాప్ మూసేశారు. డిజిటల్ కాపీలను క్రంచీరోల్‌కు మార్చలేదు. ఆ పెట్టెల్లోని డిస్కులు ఇప్పటికీ ఆడుతున్నాయి.

ప్రశ్న: సీల్ తీస్తే విలువ పడిపోతుందంటారు. తీయాలా, వద్దా?

జవాబు: తీయండి, వచ్చిన రోజే. నేను ఒక సెట్‌ను సీల్‌తోనే రెండేళ్లు దాచాను. ఒక సెలవు రోజు తీరిగ్గా తెరిస్తే రెండో డిస్కు రెండు కాపీలున్నాయి, మూడోది లేదు. కంపెనీకి రాస్తే మార్చి ఇవ్వడానికి స్టాక్ లేదన్నారు. ఆ సిరీస్‌లో తొమ్మిదో ఎపిసోడ్ నుంచి పన్నెండు దాకా నేను ఇప్పటికీ చూడలేదు.

తెరిచాక ముందు పెట్టెను మెల్లగా ఊపండి. గలగలమంటే లోపల డిస్కు ఊడి తిరుగుతోందన్నమాట. బ్లూ-రేలో సమాచారం ఉండే పొర, ప్లేయర్ చదివే వైపు నుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, డీవీడీలో 0.6. గట్టి పూత వేస్తారు కాబట్టి చిన్న గీతలకు భయం లేదు. లోతు గీత పడితే మాత్రం కష్టం. మొదటి ఐదు నిమిషాలు ఆడితే సరిపోతుందనుకోకండి. రెండు పొరల డిస్కును ప్లేయర్ లోపలి నుంచి అంచు దాకా చదివి, రెండో పొరను అంచు నుంచి వెనక్కి చదువుతుంది. అందుకే అంచున దెబ్బ ఉంటే సాధారణంగా డిస్కు సగంలో బయటపడుతుంది. ప్రతి డిస్కులో మధ్య ఎపిసోడ్‌నూ ఆఖరుదాన్నీ పెట్టి చూడండి. తుడవాల్సి వస్తే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి, గుండ్రంగా రుద్దొద్దు.

ప్రశ్న: మొదటి భాగంతో వచ్చిన పెట్టెలో రెండో భాగానికి చోటు వదిలి, ఖాళీ అట్ట డమ్మీ పెట్టారు. రెండో భాగం లిమిటెడ్ దొరకలేదు. మామూలుది పడుతుందా?

జవాబు: చాలాసార్లు పడుతుంది. కొనేముందు ఆ డమ్మీ మందాన్ని స్కేలుతో కొలిచి, అమ్మేవాళ్లను కేసు కొలత అడగండి. నేను అడగకుండానే తెప్పించాను. రెండు మిల్లీమీటర్లు ఎక్కువైంది. కేసు అలమారాలో విడిగా ఉంది, పెట్టెలో డమ్మీ అలాగే ఉంది.