ఉప్పందిస్తే ద్రోహమేనా?

ప్రశ్న: నమస్తే మేడం. మాది పలాస దగ్గర ఒక ఊరు, జీడిపప్పు ఫ్యాక్టరీలో తూకాలు రాస్తాను. పప్పు ఒలిచే ఆడవాళ్ళకి కేజీ లెక్కన కూలి కదా, నాతో చేసే ఇద్దరు రోజూ ఒక్కొక్కరి తూకంలో రెండొందల గ్రాములు కొట్టేస్తున్నారు. "ఏటి బాబూ, నిన్నటికన్నా ఎక్కువే ఒలిచినాను కదా, తూకం తగ్గిపోయిందేటి" అని ఒక పెద్దావిడ అడిగితే నోరు పెగల్లేదు. ఓనర్‌కి చెప్పేశాను, నా పేరు రానివ్వొద్దని కూడా బతిమాలుకున్నాను. రెండో రోజుకే వాళ్ళకి తెలిసిపోయింది. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో నన్ను రాట్, బ్యాక్ స్టాబర్ అంటున్నారు, మమ్మల్ని బస్ కిందకి తోసేశాడని ఇంగ్లీషులో పెడుతున్నారు. వీటికి సరైన అర్థమేటి? నేను చేసింది అదేనా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: కాదు తమ్ముడూ. ముందు ఆ మాట చెప్పి తర్వాత అర్థాల్లోకి వెళ్తాను.

బ్యాక్ స్టాబ్ అంటే మన వెన్నుపోటే. కానీ పోటు పొడవాలంటే అవతలోడు నిన్ను నమ్మి వీపు తిప్పి ఉండాలి కదా, వాళ్ళ దొంగ తూకంలో నీకు వాటా ఉందా, లేదు, మరి పోటెక్కడిది? రాట్ అంటే, ఓడ మునిగిపోయే ముందు ఎలకలు పారిపోతాయని నావికుల నమ్మకం, అలా జట్టుని వదిలేసినోడికీ తర్వాత పోలీసులకి చెప్పేసినోడికీ ఆ పేరు అంటుకుంది. అది దొరికిపోయినవాళ్ళ నోట్లో నలిగే మాట. మనం ఇదే పనిని ఉప్పందించడం అంటాం, అందులో తిట్టు లేదు చూడు. చాడీ, పితూరీ అంటేనే తిట్టు.

అయినా మనమూ తక్కువేం కాదులే, విభీషణుడు ధర్మం వైపు వెళ్ళాడని ఒప్పుకుంటూనే ఇంటిగుట్టు లంకకు చేటు అంటాం, తెలుగిళ్ళలో ఆ పేరు పిల్లలకి పెట్టడం నేను చూళ్ళేదు. మీకు పక్కనే ఉన్న ఒడిశాలో మాత్రం బిభీషణ్ అని పెట్టుకుంటారు.

నిజంగా ద్రోహం అంటే ఏంటో చెప్పే ఇంగ్లీషు మాట ఒకటుంది, సోల్డ్ డౌన్ ద రివర్. 1808 నుంచి అమెరికాలోకి బయటి నుంచి బానిసల్ని తేవడం నిషేధం, దాంతో దేశం లోపలే అమ్మకాలు పెరిగిపోయాయి, కెంటకీ లాంటి చోట్ల నుంచి మిసిసిపీ ఏటి వాలున న్యూ ఆర్లీన్స్ వైపు పత్తి, చెరకు తోటలకి అమ్మేసేవాళ్ళు, తల్లి ఒకచోట బిడ్డ ఒకచోట. మనం నట్టేట ముంచాడంటాం, నాగావళి వంశధార వరదలు చూసినవాళ్ళకి ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు. అక్కడ ముంచలేదు, బతికుండగానే ఏటి వెంట పంపేశారు.

ఇక బస్ కిందకి తోయడం. ఇది కొత్త మాటే, తను గట్టున పడటానికి పక్కనున్నోణ్ణి బలిచ్చేయడం. నువ్వు ఎవర్నీ తొయ్యలేదు తమ్ముడూ, నిన్ను తోశారు. నీ పేరు ఓనర్‌కి తప్ప ఇంకెవరికీ తెలీదంటే అది ఆయన దగ్గర్నుంచే బైటకొచ్చింది. దీన్ని చిన్న విషయం అనుకోకు. జాతీయ రహదారుల ఇంజినీరు సత్యేంద్ర దూబే రోడ్డు పనుల్లో అవినీతి గురించి ప్రధాని ఆఫీసుకి రాసి తన పేరు దాచమన్నాడు, ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసుల్లో తిరిగింది, 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపేశారు. అందుకే రాత్రి షిఫ్ట్ అయ్యాక ఒక్కడివే ఇంటికెళ్ళకు, ఆ గ్రూపులో వచ్చే మెసేజ్‌లన్నీ స్క్రీన్‌షాట్ తీసి దాచుకో.

నీకు సరిపోయే ఇంగ్లీషు మాట విజిల్ బ్లోయర్. తప్పు జరిగినప్పుడు పోలీసు, రిఫరీ ఊదే విజిలే అది, 1970ల మొదట్లో అమెరికాలో వినియోగదారుల హక్కుల కోసం పోరాడిన రాల్ఫ్ నేడర్ లాంటివాళ్ళు ఈ మాటని గౌరవంగా వాడి నిలబెట్టారు. గ్రూపులో జవాబు ఇవ్వాలనిపిస్తే ఆ ఒక్క మాట పెట్టు చాలు, వాదన పెట్టుకోకు.

ఆ పెద్దావిడకి ఇప్పుడు తూకం సరిగ్గా వస్తోందా? తెగ్గొట్టిన కూలి వెనక్కి ఇచ్చారా? అది రాయలేదు నువ్వు. రాయి.