ట్యూషన్ పెడతానంటున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

మీ నాన్న ఫోన్ చేశాడు. సెలవులిచ్చిన మర్నాటి నుంచే, వచ్చే ఏడు నవోదయ ప్రవేశ పరీక్ష రాసే పిల్లలకి ఇంట్లో ట్యూషన్ పెడుతున్నావట, పొద్దున ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్. మెగా డీఎస్సీ రాసి, ప్రాథమిక బడిలో ఎస్జీటీ టీచరు పోస్టు కొట్టి ఏడాది తిరగలేదు, అప్పుడే ఊళ్లోవాళ్లు పిల్లల్ని నీ దగ్గరికే పంపుతామంటున్నారంటే గర్వంగానే ఉంది. నలుగురితో చెప్పుకున్నాను కూడా. కానీ ఆ పని చెయ్యకు.

2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచరు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు. తెలిసే దిగుతున్నావు కాబట్టి దాని గురించి ఇంక రాయను.

"టీచర్లకేం, నెలన్నర ఊరికే జీతం" అన్నాడు మీ నాన్న. వాడికి చెప్పు: ఆఫీసు ఉద్యోగికి ఏడాదికి 30 ఈఎల్స్, అంటే జీతంతో వచ్చే ఆర్జిత సెలవులు; మన టీచర్లకి 6. వేసవి సెలవులున్నాయనే ఆ మిగతావి కోసేశారు. పైగా ఆఫీసులో ఒకరు రాకపోతే ఫైలు మర్నాటికి ఆగుతుంది, అంతే. నేను ఏకోపాధ్యాయ బడిలో ఉన్నప్పుడు జ్వరమొచ్చినా వెళ్లాల్సిందే. ఐదో తరగతికి బోర్డు మీద భాగహారాలిచ్చి, ఒకటో తరగతి వాడి చెయ్యి పట్టుకుని పలక మీద అ దిద్దిస్తుంటే వంటావిడ వచ్చి నిలబడేది. లేచి మధ్యాహ్న భోజనానికి ఒక్కో పిల్లకి 100 గ్రాముల లెక్కన బియ్యం కొలిచి ఇవ్వాలి. ఒంట్లో బాగాలేదని ఆ పూట ఎవరితో చెప్పుకుంటాం?

మీ మామయ్య సంగతి నీకు ఎవరూ పూర్తిగా చెప్పలేదు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇల్లు కడుతున్న రోజుల్లో ఏ వేసవీ ఖాళీగా ఉంచలేదు. పదో తరగతి తప్పినవాళ్లని కూర్చోబెట్టుకుని, రేకుల షెడ్డులో, ఫ్యాను రొద మీద అరుస్తూ చెప్పేవారు. గొంతు బొంగురుపోతే మిరియాల కషాయం తాగి, బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని మళ్లీ పాఠం. సెలవుల్లో కోలుకోవాల్సిన గొంతు అలాగే జూన్‌లో బడికెళ్లింది. వర్షాలు పడేసరికి వెనక బెంచీకి మాట వినబడటం మానేసింది. వినబడట్లేదంటే ఇంకా గట్టిగా అరిచేవారు. చివరికి డాక్టరు చూసి, స్వరతంత్రుల మీద కాయలు కట్టాయి, నోరు మెదపొద్దన్నాడు. ఆయన పలక మీద "ఉప్పు తక్కువ" అని రాసి చూపిస్తే నేను నవ్వేదాన్ని, వంటింట్లోకి వెళ్లి ఏడ్చేదాన్ని. మాటైతే తిరిగొచ్చింది గానీ, శ్రీరామనవమి పందిట్లో పోతన పద్యాలెత్తుకునే ఆ గొంతు మళ్లీ రాలేదు. ఇల్లు మాత్రం పూర్తయింది.

మొన్న ఫోన్‌లో నీ గొంతు జీరబోయి ఉంది. జలుబన్నావు. ఆయనా అదే అనేవారు.

సెలవుల్లో జనగణన డ్యూటీ పడితే తప్పదు, అది చేసి తీరాలి. ఆర్డరు కాపీ, డ్యూటీ సర్టిఫికెట్టు దాచుకో. ఆ రోజులకి వచ్చే ఈఎల్స్ జమ చేయించి, సర్వీస్ రిజిస్టర్‌లో ఎంట్రీ పడిందో లేదో నీ కళ్లతో చూసుకో. ఏళ్లు గడిచాక అడిగితే ఎవరూ వెతకరు.

మరి ఖాళీగా కూర్చుని ఏం చెయ్యాలంటావు. మొదటి వారం నిద్రపో. తరవాత ఇక్కడికి రా, డాబా మీద పడుకుందాం. పుస్తకాలు చదువు, పాఠ్యపుస్తకాలు తప్ప. జూన్ 12న బడి తెరిచేదాకా ఎవరికీ ఎక్కం అప్పజెప్పించకు. పక్కింటి పిల్లాడు నోటుబుక్కు పట్టుకొచ్చినా సరే, బిస్కెట్టు చేతిలో పెట్టి పంపెయ్.

ఇదంతా స్కూటీ కిస్తీల కోసమేనని నాకు తెలుసు. మే, జూన్ కిస్తీలు నా పింఛనులోంచి కడతాను. మీ నాన్నకి చెప్పకు, పరువంటాడు. నువ్వు మాత్రం ఈ వారంలోనే గొంతు డాక్టరుకి చూపించుకుని, ఆయన రాసిచ్చిన చీటీ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు. చీటీ వచ్చాకే డబ్బు.

మీ అత్త