విశాఖ ఫ్యాబ్రికేషన్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో పని మాటల నుంచి రాజకీయాలను ఎలా విడదీయాలి?

‘7018 వెల్డింగ్ రాడ్డు ఎన్ని గంటలు బేక్ చేయాలి’ అన్న ప్రశ్న పార్టీల గొడవ కింద కొట్టుకుపోతోందా? ఉత్త నిషేధంతో ఆగదు. వాట్సాప్‌లో కమ్యూనిటీ (కొన్ని గ్రూపులను ఒక గొడుగు కింద ఉంచే సదుపాయం) తెరిచి, పాత గ్రూపును అందులో కలిపి పనికే ఉంచండి. పక్కన ‘రచ్చబండ’ అని ఇంకోటి పెట్టండి, ఇష్టమున్నవాళ్లే చేరతారు.

అసలు చిక్కు స్టీల్‌ప్లాంట్ దగ్గర. 2021 జనవరిలో కేంద్రం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పటి నుంచి అది గాజువాకలో ఉద్యోగమూ, రాజకీయమూ కూడా. అందుకే విషయాన్ని బట్టి కాక, అడిగేదాన్ని బట్టి గీత గీయండి. ‘కాంట్రాక్టు మారితే పీఎఫ్ బదిలీ ఎలా?’ పని గ్రూపుకి, ‘ఎవరు అమ్మేస్తున్నారు?’ రచ్చబండకి.

దారితప్పిన మెసేజ్‌ని అడ్మిన్ తీసేయొచ్చు. కానీ ఎవరు తీశారో పేరుతో సహా కనిపిస్తుంది. ముందు రాసినాయనకి విడిగా ఓ ముక్క చెప్పండి, లేదంటే ‘మా పార్టీదే తీశారు’ అంటారు. అడ్మిన్లు ఇద్దరుండాలి, చెరో పార్టీవైపు మొగ్గేవాళ్లైతే మరీ నయం.