స్కూబా డైవింగ్ జరగలేదు, కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. అండమాన్‌లోని హావ్‌లాక్‌లో నాకూ మా ఆవిడకూ స్కూబా డైవింగ్‌కి ఆన్‌లైన్‌లో 9,000 రూపాయలు ముందే కట్టాను. తీరా వెళ్లాక ఆరోగ్య వివరాల ఫారం ఇచ్చారు. ఉబ్బసం ఉందని రాసినందుకు ఆవిడను నీళ్లలోకి దింపలేదు. సముద్రం బాగోలేదని నాదీ రద్దు చేసి, మర్నాడు పొద్దున రమ్మన్నారు. ఆ మధ్యాహ్నమే మా విమానం. డబ్బడిగితే 'కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వబడదు' అన్న షరతు, దాని కింద మా సంతకాలు చూపించారు. కేసు వేయాలంటే పోర్ట్ బ్లెయిర్ వెళ్లాలా?

జవాబు: అక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అయితే మీ ఇద్దరి డబ్బు విషయం ఒకటి కాదు.

మీ వాటా గట్టిది. రద్దు చేసింది వాళ్లు. ఆ షరతు వినియోగదారుడు తనంతట మానుకుంటే వర్తించేదని, వాతావరణం గురించి అందులో ఒక్క మాటా లేదని వాదించండి. నెరవేర్చడం అసాధ్యమైన ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్, అలాంటప్పుడు పొందిన సొమ్ము తిరిగివ్వాలని 65వ సెక్షన్ చెబుతున్నాయి. 'వేరే తేదీ ఇస్తామన్నాం' అని వాళ్లు తప్పకుండా అంటారు. ఒక్క డైవ్ తర్వాతైనా కనీసం 12 గంటలు విమానం ఎక్కకూడదన్నది డైవింగ్ రంగంలో అందరూ పాటించే జాగ్రత్త. కాబట్టి పొద్దున డైవ్, మధ్యాహ్నం విమానం కుదిరే పని కాదు. టికెట్ జతచేయండి.

మీ ఆవిడను దింపకపోవడం తప్పు కాదు. ఉబ్బసం ఉన్నవారిని డాక్టర్ సర్టిఫికెట్ లేకుండా దింపితేనే అది నిర్లక్ష్యం. తేలాల్సింది ఒక్కటే: ఆ సంగతి డబ్బు తీసుకోక ముందు చెప్పారా? కావాలని చెప్పకుండా దాస్తే వినియోగదారుల రక్షణ చట్టం 2(11) సెక్షన్ కింద అది సేవాలోపమే. బుకింగ్ మెయిల్‌లో ఆ ఫారం లింకు ఉండి మీరు తెరిచి చూడకపోతే మాత్రం ఈ వాటా మీద ఆశ తక్కువ. ముందు ఆ మెయిల్ వెతకండి.

సంతకానికి భయపడకండి. ప్రమాదం జరిగితే బాధ్యత మాది కాదనే పత్రం మీద కూడా సంతకం పెట్టించుకుని ఉంటే, అది రీఫండ్‌కు అడ్డురాదు. షరతే అన్యాయమైనదని కొట్టేయించాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. 9,000 కోసం ఆ దారి వద్దు, సేవాలోపం అని మాత్రమే రాయండి.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపండి. చిరునామాలో పాత, కొత్త పేర్లు రెండూ రాయండి: హావ్‌లాక్ ఇప్పుడు స్వరాజ్ ద్వీప్, పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం. జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్లకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు వేయండి. కట్టిన మొత్తం 5 లక్షల లోపు గనుక ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. వేరే వెబ్‌సైట్ ద్వారా బుక్ చేస్తే దాన్నీ ప్రతివాదిగా చేర్చండి. లేకపోతే ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు.

యూపీఐ రసీదు, వాట్సాప్ సంభాషణ, ఫారం ఫొటో, ఆ రోజు వాతావరణ శాఖ హెచ్చరిక జతచేయండి. రద్దు సంగతి నోటిమాటగానే చెప్పి ఉంటే, ఎందుకు రద్దు చేశారో అడుగుతూ ఈరోజే మెసేజ్ పెట్టండి, వాళ్లిచ్చే జవాబే సాక్ష్యం. మానసిక వేదనకు లక్షలు అడగవద్దు. అసలు, వడ్డీ, ఖర్చులు, కొద్దిపాటి పరిహారం చాలు. ఫిర్యాదు చేయడానికి గడువు, డైవ్ రద్దయిన రోజు నుంచి రెండేళ్లు.