రాయల్టీ ఫ్రీ ఫోటో కొంటే ఫ్లెక్సీ మీదా టీషర్ట్ మీదా ఎలాగైనా వాడుకోవచ్చా?

ఫ్లెక్సీకి పర్లేదు, అమ్మే టీషర్ట్‌కి మామూలు లైసెన్స్‌తో కుదరదు. రాయల్టీ ఫ్రీ అంటే ఉచితమని కాదు. ఒకసారి డబ్బు కట్టాక వాడిన ప్రతిసారీ మళ్లీ కట్టక్కర్లేదని. ఫోటో మీద కాపీరైట్ మాత్రం మీ చేతికి రాదు.

ఫోటోలు అమ్మే సైటు షట్టర్‌స్టాక్‌లో స్టాండర్డ్ లైసెన్స్ వెబ్‌సైట్‌కి, కరపత్రాలకి, షాపు ఫ్లెక్సీకి సరిపోతుంది. ప్రింటు కాపీలు 5 లక్షలు దాటకూడదంటారు కానీ, మామూలు దుకాణానికి ఆ బెంగ అక్కర్లేదు. అదే బొమ్మను టీషర్ట్ మీదో కప్పు మీదో వేసి అమ్మాలంటే ఎన్‌హాన్స్‌డ్ లైసెన్స్ కొనాలి.

అన్‌స్ప్లాష్ అనే ఫోటోల సైటులో ఉచిత ఫోటోలను వ్యాపారానికీ వాడొచ్చు, ఫోటోగ్రాఫర్ పేరు వేయడం తప్పనిసరి కాదు (వేస్తే మర్యాద). కాకపోతే మార్పులేవీ చేయకుండా ప్రింటు తీసి అమ్మకూడదు.

ఎక్కువమంది ఇరుక్కునేది మనుషుల ఫోటోలతోనే. ‘ఎడిటోరియల్ యూజ్ ఓన్లీ’ అని ఉంటే వార్తకో వ్యాసానికో వాడాలి, ప్రకటనకి కాదు. క్రికెటర్లు, సినిమా తారల ఫోటోలు చాలావరకు ఇలాంటివే. ప్రకటనలో మొహం కనిపిస్తే ఆ మనిషి సంతకం చేసిన మోడల్ రిలీజ్ (అనుమతి పత్రం) ఉండాలి. అది ఉన్నా సరే, ఫోటోలోని మనిషికేదో జబ్బున్నట్టు మందుల ప్రకటనలో చూపిస్తే షట్టర్‌స్టాక్ ఒప్పుకోదు.

ఇక గూగుల్‌లో దొరికింది కదా అని తీసేసుకోవడం, మన ఫ్లెక్సీ షాపుల్లో రోజూ జరిగేదే. మన చట్టంలో ఫోటోకి కాపీరైట్ దాన్ని తీసినవాళ్లు బతికున్నంత కాలం, వాళ్లు పోయాక మరో 60 ఏళ్లు ఉంటుంది. డౌన్‌లోడ్ చేసిన రోజే లైసెన్స్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి, బిల్లుతో పాటు దాచుకోండి.