కొండదారుల సైకిలుకు జాకెట్ ఎంచుకోవడం గురించి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులతో వ్రాయునది.

ఎండ, వాన, గాలి ఒకే పూటలో మారిపోయే కొండదారుల్లో సైకిలు తొక్కడానికి ఎటువంటి జాకెట్ తీసుకోవాలని అడిగావు. వానను ఎంత ఆపుతుందో చూడడానికి ముందు, చెమటను ఎంత బయటికి పోనిస్తుందో చూడమని నా మాట.

నా మొదటి జాకెట్‌ను వాన ఒక్కటే మనసులో పెట్టుకొని కొన్నాను. ఒకనాడు చినుకులు మొదలవగానే దాన్ని మెడ దాకా బిగించుకొని గంటకు పైగా ఎత్తు ఎక్కాను. పైకి చేరి జిప్పు తీస్తే, బయటి నీరు చుక్కైనా లోపలికి రాలేదు కాని, లోపలి చొక్కా పిండితే కారేలా ఉంది. దిగేటప్పుడు ఎదురుగాలికి ఆ తడి ఒంటికి మంచులా అంటుకొని, బ్రేకుల మీద నా వేళ్లు కొయ్యబారిపోయాయి. 1000 మీటర్లు పైకి వెళితే చలి సుమారు 6.5 డిగ్రీలు పెరుగుతుందని తెలిసి కూడా చేసిన పొరపాటు అది.

చీటీ మీద రెండు అంకెలు కనిపిస్తాయి. మిల్లీమీటర్లలో ఉండేది నీటిని ఆపే శక్తి. 10,000 అంటే బట్ట మీద 10 మీటర్ల నీటి స్తంభం నిలిచినా నీరు ఊరదని అర్థం. సంచి పట్టీలు భుజాల మీద నొక్కుతూ ఉంటాయి గనుక, గంటల తరబడి వానలో తిరిగేవారికి 20,000 ఉన్నది మేలు. రెండవ అంకె, చదరపు మీటరు బట్ట నుండి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి బయటికి పోతుందో చెబుతుంది. అయితే ఈ పరీక్షను ఒక్కొక్కరు ఒక్కో పద్ధతిలో చేస్తారు కాబట్టి, ఇద్దరు తయారీదారుల అంకెలను పక్కపక్కన పెట్టి తేల్చుకోలేము. అందుకే అంకెల కంటే చంకల కింద తెరుచుకునే జిప్పులనే నేను ఎక్కువగా నమ్ముతాను. ఎంత మంచి బట్టైనా, నిటారు ఎక్కుడులో పట్టే చెమటనంతా తనంతట తాను బయటికి పంపలేదు.

ఒకే జాకెట్ కొనగలిగితే దూది నింపినది వద్దు. పలుచని మూడు పొరల బట్టతో (పైన బట్ట, నడుమ నీటిని ఆపే పొర, లోపల అస్తరు), కుట్ల మీద లోపలి నుండి టేపు వేసినది తీసుకో. చలికి కావలసింది దాని లోపల వేసుకోవచ్చు. లోపల అస్తరుకు బదులు పలుచని పూత మాత్రమే ఉండే రెండున్నర పొరలది తేలిక, చవక కూడా, కాని చెమట పట్టిన చేతులకు జిగటగా అతుక్కుంటుంది.

కొలతను అద్దం ముందు నిటారుగా నిలబడి చూడకు. హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి చూడు. మణికట్టు బయటపడకూడదు, నడుము వెనుక భాగం తేలిపోకూడదు, వీపు మీద బట్ట లాగకూడదు, పొట్ట దగ్గర ముద్దగా పోగుపడకూడదు. కింది నుండి కూడా తెరుచుకునే జిప్పు ఉంటే తుంటి దగ్గర బిగుతు తగ్గుతుంది. ఆడవారి కోసమని పేరు పెట్టి, రంగు మార్చి, పొడవు కోసి అమ్మేవి కూడా ఉన్నాయి. భుజాలు, తుంటి నిజంగా వేరుగా కత్తిరించారో లేదో చేత్తో తడిమి తెలుసుకో. జాకెట్‌కు ఉన్న టోపీని హెల్మెట్ మీద కప్పుకొని తల పక్కకు తిప్పు. దారికి బదులు టోపీ అంచు కంటికి అడ్డొస్తే ఆ జాకెట్ వదిలెయ్యి.

కొన్నాక, నీటి బొట్లు ముత్యాల్లా జారిపోకుండా బట్టను నల్లగా తడిపేస్తున్నాయంటే పైపూత అరిగిందని గ్రహించు. అప్పుడు నీరు లోపలికి రాకపోయినా ఆవిరి సరిగా బయటికి పోదు. బట్టలు మెత్తబరిచే ద్రావణం వాడకుండా ఉతికి, చీటీ అనుమతిస్తే తక్కువ వేడిలో ఆరబెడితే పూత కొంత తేరుకుంటుంది. ఫ్లోరిన్ లేని కొత్త పూతలు నూనె మరకలను ఆపలేవు గనుక, గొలుసు నూనె అంటినప్పుడు ఉతకడం వాయిదా వేయకు.

ఇంటికి తెచ్చిన రోజునే చీటీ తెంచకు. హెల్మెట్, సంచి, జాకెట్ అన్నీ వేసుకొని పావుగంట మెట్లు ఎక్కి దిగు. లోపలి చొక్కా వీపుకు అతుక్కుంటే, చంకల జిప్పులు తెరిచి మరో పావుగంట ఎక్కు. అప్పటికీ ఆరకపోతే తిరిగి ఇచ్చెయ్యి.

నీ పెద్దమ్మ