పొడుగు మీసాల పురుగులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: వానలు మొదలయ్యాక మా అరుగు మీది లైటు దగ్గర రెండు అంగుళాల బూడిద రంగు పెంకు పురుగు వాలింది. కొమ్ములు ఒంటికంటే పొడుగు. పట్టుకుంటే కిర్రుమంటోంది. కొబ్బరి మొవ్వు తినే కొమ్ము పురుగు ఇదేనా? చెట్లకు మందు వేయాలా?
– కొబ్బరి రైతు, అంబాజీపేట

జవాబు: ఇది కొమ్ము పురుగు కాదు. కొబ్బరికి మందు వేయకండి. కొమ్ము పురుగు నల్లగా ఉంటుంది. దాని కొమ్ము తల మీద ఒక్కటే, కదలదు. మీరు చూసినవి కొమ్ములు కావు, మీసాలు. సాధారణంగా పదకొండు కణుపులుంటాయి, అటూఇటూ ఆడిస్తుంది. కిర్రుమనే చప్పుడు మెడ దగ్గర ఒక పెంకును ఇంకో పెంకుకు రాయడం వల్ల వస్తుంది, భయపడనక్కర్లేదు.

మీసాల పురుగులది సెరాంబిసిడే కుటుంబం. ప్రపంచంలో 35,000కు పైగా జాతులను గుర్తించారు. మెడ మీద రెండు నారింజ రంగు మచ్చలు, పక్కల ముల్లు ఉంటే మీకు దొరికింది బాటోసెరా రుఫోమాక్యులేటా, అంటే మామిడి కాండం తొలిచే పురుగు. దీని పిల్లపురుగు మామిడి, పనస, మునగ, అత్తి, బూరుగు కాండాల్లో పెరుగుతుంది. కాబట్టి కొబ్బరిని వదిలి గట్టు మీది మామిడి, పనస మొదళ్లు చూడండి.

పిల్లపురుగు దొరికితే పోల్చుకోవడం ఇంకా తేలిక. పెంటకుప్పలోనో కుళ్లిన కొబ్బరి మొద్దులోనో ఆరు కాళ్లతో కొడవలిలా వంగి ఉంటే కొమ్ము పురుగు పిల్ల. కొబ్బరి కాండంలో కాళ్లు లేకుండా నడుము దగ్గర లావుగా ఉంటే ఎర్రముక్కు పురుగు పిల్ల. మామిడి కర్రలో పొడవుగా, తల వైపు వెడల్పుగా, తెల్లగా ఉండి కాళ్లు కనిపించకపోతే మీసాల పురుగు పిల్ల.

ప్రశ్న: మా కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి చెట్టు మొదట్లో రంపపు పొట్టు రాలుతోంది. ఒక కొమ్మ ఎండింది. కన్నంలో మందు పోసినా పొట్టు ఆగలేదు.
– మామిడి రైతు, కొత్తపేట

జవాబు: చాలామంది ఇక్కడే పొరబడతారు. పిల్లపురుగు మొదట బెరడు కింద తిని, తర్వాత కర్రలోకి దూరి ఎక్కువగా పైకి తొలుస్తూ పోతుంది. పొట్టు నెట్టడానికి దారిలో ఒకటికి మించి కన్నాలు పెడుతుంది. కింది కన్నంలో పోసిన మందు అక్కడే కారిపోతుంది, పురుగు పైన నిక్షేపంగా ఉంటుంది.

ముందు మొదట్లోని పాత పొట్టంతా ఊడ్చి, కన్నాల చుట్టూ తుడిచి రెండు రోజులు ఆగండి. తడి పొట్టు మళ్లీ వచ్చిన కన్నంలోనే పురుగు ఉన్నట్టు. వేలు దూరేంత గుండ్రటి కన్నం ఉండి పొట్టు రాకపోతే పెద్ద పురుగు ఎగిరిపోయిన దారి అది. అందులో ఎంత మందు పోసినా వృథా.

వదులైన బెరడును ఉలితో తీసేసి, కొస వంచిన సైకిల్ చువ్వను తడి పొట్టు వచ్చే కన్నాల్లో పైదానిలోకి పోనిచ్చి తిప్పుతూ లాగండి. పెద్దదైన పిల్లపురుగు మూడు నాలుగు అంగుళాలు ఉంటుంది. చువ్వకు తెల్లటి చెమ్మ అంటితే అది చచ్చినట్టే. చువ్వ అందకపోతే కిరోసిన్‌లో ముంచిన దూది కూరి, కన్నాలన్నీ తడి బంకమట్టితో మూసేయండి. ఒక్క కన్నం తెరిచి ఉన్నా ఆవిరి నిలవదు. వారం తర్వాత మళ్లీ పొట్టు కనిపిస్తే ఇదే పని మళ్లీ చేయాలి. పాత పుస్తకాల్లో చెప్పిన డైక్లోర్వాస్‌ను మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. పాత సీసా ఉన్నా వాడకండి.

పొట్టు పట్టుదారాలతో అల్లుకుని బెరడు మీద చాళ్లలా అంటుకుని ఉంటే మాత్రం అది మీసాల పురుగు కాదు, బెరడు తినే గొంగళి, సీతాకోకచిలుకలాంటి రెక్కల పురుగు సంతానం.

ఎండిన కొమ్మను నరికి పెరట్లో పడేయకండి. కర్రలో ఉన్న పురుగు అక్కడే పెరిగి వానలకు బయటికొస్తుంది. వేసవిలోనే పొయ్యిలో పెట్టేయాలి.

ప్రశ్న: మీసాల పురుగుల ఉపకుటుంబాలను చేతి భూతద్దంతో గుర్తుపట్టగలమా? డెల్టాలో ఎక్కడ వెతకాలి?
– జంతుశాస్త్ర విద్యార్థిని, అమలాపురం

జవాబు: పెద్ద గుంపులను పట్టొచ్చు. మొదట ముఖం చూడండి. ముఖం నిటారుగా గోడలా ఉండి నోరు కిందికి తిరిగితే లామీనే. అన్నిటికన్నా పెద్ద ఉపకుటుంబం ఇదే, బాటోసెరా ఇందులోదే. ముఖం ఏటవాలుగా, నోరు ముందుకు ఉంటే సెరాంబిసినే కావచ్చు. నోటి దగ్గరి చిన్న స్పర్శాంగం చివరి కణుపు లామీనేలో మొనదేలి ఉంటుంది, సెరాంబిసినేలో కోసేసినట్టు ఉంటుంది. మెడ పక్క అంచులు పళ్లతో పదునుగా ఉంటే ప్రయోనినే. మీసం పొడుగును మాత్రం నమ్ముకోకండి. పొట్టి మీసాల జాతులున్నాయి, ఒకే జాతిలో ఆడదానికి మగదానికంటే పొట్టివి ఉంటాయి.

ఇక చోట్లు. ఈ పురుగులకు ఊరు ముఖ్యం కాదు, చెట్టు ముఖ్యం. రోడ్ల పక్క దిరిసెన బెరడు కింద జిస్ట్రోసెరా గ్లోబోసా ఉంటుంది. గోధుమ రంగు రెక్కల మీద ఆకుపచ్చగా మెరిసే చారలే దాని గుర్తు. తుమ్మ, సరుగుడు లేత మొక్కల్లో సిలోస్టెర్నా స్కాబ్రేటర్ కోసం చూడండి. చచ్చిన మొద్దులు, వేళ్లలో ప్రయోనినే జాతులు పెరుగుతాయి. స్ట్రోమేషియం బార్బేటం ఎండిన కర్రలోనే బతుకుతుంది. మంచం కోడులో ఏళ్ల తరబడి ఉండి, ఒకరోజు కన్నం చేసుకుని బయటపడుతుంది. ప్రతి నమూనాతో పాటు చెట్టు పేరు, చెట్టు పచ్చిదా ఎండిందా, తేదీ రాసుకోండి. ఆ మూడూ లేని నమూనా ఎంత అందంగా ఉన్నా సగమే ఉపయోగం.

ప్రశ్న: నర్సరీలో క్రోటన్, బోగన్‌విల్లా కొమ్మలు రాత్రికి రాత్రే వాడుతున్నాయి. కొమ్మ చుట్టూ కత్తితో గీసినట్టు ఉంగరంలా గాటు ఉంది.
– నర్సరీ యజమాని, కడియం

జవాబు: మీ పనివాళ్లను అనుమానించకండి. స్థీనియాస్ గ్రిసేటర్ అనే బూడిద రంగు పురుగు రాత్రిపూట కొమ్మ చుట్టూ బెరడు కొరికి, ఆ గాటుకు పైన గుడ్లు పెడుతుంది. పచ్చి కొమ్మలో రసం పారుతుంటే దాని పిల్లలు బతకలేవు, అందుకే ముందే కొమ్మను ఎండబెడుతుంది. గులాబీ, మల్లె, ద్రాక్షకూ ఇదే బెడద. గాటుకు రెండంగుళాలు కింద కోసి, కోసిన కొమ్మలన్నీ ఆ రోజే కాల్చేయండి. గుడ్లన్నీ వాటిలోనే ఉన్నాయి కనుక వాడిన కొమ్మల మీద మందు కొట్టి లాభం లేదు. వాడిన కొమ్మలను ఎరువుగుంటలో వేస్తే మాత్రం మీరే వాటిని పెంచినట్టవుతుంది. రాత్రి టార్చితో వెతికి పెద్ద పురుగులను ఏరడం కూడా బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: మోరి దగ్గర ఇసుక నేలలో జీడిమామిడి. మొదట్లో బంక, పిప్పి కారుతోంది. చెట్టు దక్కుతుందా?
– జీడిమామిడి రైతు, మలికిపురం

జవాబు: జీడిమామిడి కాండం, వేరు తొలిచే పురుగు ఇది. గుడ్లు నేల నుంచి మీటరు ఎత్తులోపు బెరడు పగుళ్లలో పెడుతుంది. దెబ్బతిన్న బెరడును చెక్కి, వేళ్ల దాకా మట్టి తీసి, పిల్లపురుగులను ఒక్కటీ వదలకుండా ఏరండి. తర్వాత లీటరు నీటికి 10 మి.లీ. క్లోర్‌పైరిఫాస్ 20 శాతం ద్రావణం కలిపి, చేతికి తొడుగు వేసుకుని, మీటరు ఎత్తు వరకు కాండానికీ పైకి తేలిన వేళ్లకూ పూయండి. పక్క చెట్లకు ముందుజాగ్రత్తగా ఒక పాలు తారులో రెండు పాళ్లు కిరోసిన్ కలిపి పూయొచ్చు. మొదలు చుట్టుకొలతలో సగానికి మించి బెరడు పోయి ఆకులు పసుపెక్కితే ఆ చెట్టు దక్కదు. వేళ్లతో సహా పెకలించి, అందులోని పురుగులను చంపి, పక్క చెట్లను కాపాడుకోండి.